చేతికి అంటని చాక్లెట్

2019 ఫిబ్రవరి 13. రాత్రి తొమ్మిది దాటింది. ఒసాకాలో మేం అద్దెకున్న ఇంటి వంటగదిలో ముగ్గురం ఆడవాళ్ళం నిలబడి ఉన్నాం. నేను, పదమూడేళ్ళ మా అమ్మాయి, పక్కింటావిడ. బల్లంతా పిండి, వెన్న కాగితాలు, విరిగిన బిస్కెట్ పుల్లలు. పొడుగాటి గాజు గ్లాసులో కరిగిన చాక్లెట్. మా అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు. మర్నాడు తన క్లాసులో పద్నాలుగుమంది ఆడపిల్లలకి ఇవ్వాలి. బడిలోకి తినేవి తీసుకెళ్ళకూడదు కాబట్టి సాయంత్రం పార్కులో కలిసి పంచుకుంటారట. కొనిస్తానంటే ఒప్పుకోలేదు. "అందరూ చేత్తో చేసి తెస్తారమ్మా. నేనొక్కదాన్నే కొన్నవి ఎలా ఇస్తాను?" అంది.

సరిగ్గా అప్పుడే తణుకు దగ్గర మా ఊరినించి అమ్మ ఫోన్ చేసింది. ఏం చేస్తున్నారని అడిగితే చెప్పాను. బిస్కెట్ పుల్లలు కాల్చి, చాక్లెట్లో ముంచి, ఆరబెడుతున్నామని. అమ్మ అంతా విని, "బానే ఉంది గానీ, గిన్నెలెవరు కడుగుతారే?" అంది.

ఆ రాత్రి నవ్వేసి ఊరుకున్నాను. నేను ఒక విశ్వవిద్యాలయంలో ఏడాది ఫెలోషిప్ మీద వెళ్ళింది స్త్రీల పత్రికల చరిత్ర చదవడానికి. వంటగదితో నాకు పెద్దగా స్నేహం లేదు. కానీ ఆ పుల్లల వెనక ఉన్న చరిత్రని తవ్వుతూ పోయేకొద్దీ అమ్మ ప్రశ్నే మళ్ళీ మళ్ళీ ఎదురైంది.

మా అమ్మాయి చెయ్యాలనుకున్నది పొక్కీ. పెన్సిల్ కన్నా సన్నటి బిస్కెట్ పుల్ల. పొడవునా చాక్లెట్ పూత, ఒక కొసన మాత్రం పూత ఉండదు. ఒసాకా కంపెనీ ఎజాకి గ్లికో దీన్ని 1966లో మార్కెట్లోకి తెచ్చింది. ఆ కంపెనీ పుట్టుకే ఒక కథ. దాన్ని స్థాపించిన ఎజాకి రీచి ఆల్చిప్పల్ని ఉడికించిన నీళ్ళలో గ్లైకోజెన్ ఉందని గమనించాడు. దాన్ని కలిపిన కారమెల్‌ని పిల్లలకి బలమిచ్చే మిఠాయి అని చెప్పి, 1922లో ఒసాకాలోని మిత్సుకోషి దుకాణంలో అమ్మకానికి పెట్టాడు. రెండు చేతులూ పైకెత్తి పరుగు పందెం గెలుస్తున్న మగవాడి బొమ్మ దాని గుర్తు. 1935లో ఒసాకా దోతోంబోరి కాలవ ఒడ్డున ఆ బొమ్మ దీపాలతో మొదటిసారి వెలిగింది. ఇప్పుడు ఎప్పుడు చూసినా అక్కడ ఎవరో ఒకరు దానిముందు అదే భంగిమలో నిలబడి ఫోటో తీయించుకుంటూ ఉంటారు.

అదే కంపెనీ 1960ల మొదట్లో ప్రెట్జ్ అని ఉప్పటి బిస్కెట్ పుల్లలు చేసింది. వాటికి చాక్లెట్ పూస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనే పొక్కీ. మొదట పుల్ల అంతా పూసి చూశారు. తినేవాళ్ళ వేళ్ళకి అంటుకుంది. ఒసాకా వీధుల్లో కుషికాత్సు అమ్ముతారు. వెదురుపుల్లకి గుచ్చి నూనెలో వేయించిన ముక్కలు. పుల్ల చివర పట్టుకుని తింటారు, చేతికి జిడ్డు అంటదు. అక్కణ్ణించే ఆ ఖాళీ కొస ఆలోచన వచ్చిందని కంపెనీ వాళ్ళు చెప్తారు. అంటే ఈ తినుబండారం ప్రత్యేకత రుచిలో కన్నా ఆ కొసలో ఉంది. తినేవాళ్ళ చెయ్యి మాయకూడదు.

పేరు చప్పుడు నించి వచ్చింది. సన్నటిది విరిగినప్పుడు మనం 'పుటుక్కున' అన్నట్టు వాళ్ళు 'పొక్కిన్' అంటారు. ఇంగ్లీషు వాళ్ళు పలికితే అది 'పాకీ'కి దగ్గరగా వినిపిస్తుంది. ఫోన్‌లో అమ్మకి అలా చెప్పబోయి ఆగిపోయాను. మన భాషలో ఆ మాట ఏమిటో మనందరికీ తెలుసు. ఇతరుల మలాన్ని చేతులతో ఎత్తే పనిని కొన్ని కులాల నెత్తిన రుద్ది, ఆ మనుషుల్నే ఆ మాటతో పిలిచిన చరిత్ర మనది. ఈ రెండు పేర్లకీ ఏ సంబంధమూ లేదు. అయినా చెయ్యి మాయకుండా తినేదాని పేరూ, చేతులు మాసే పని పేరూ నా చెవిలో ఒక్కచోట పడ్డాక, దీన్ని వట్టి బిస్కెట్టులా చూడలేకపోయాను. ఒక చెయ్యి శుభ్రంగా ఉందంటే ఇంకో చెయ్యి ఎక్కడో మాసే ఉంటుంది. అది ఎవరిది?

ఆ రాత్రి మటుకు మాది. పక్కింటావిడ తెచ్చిన కొలతలు ఇవి. మైదా 100 గ్రాములు, వెన్న 40 గ్రాములు, పంచదార 20 గ్రాములు, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల పాలు. చల్లటి వెన్నని పిండిలో వేళ్ళ కొసలతో నలపాలి. జంతికల పిండిలో వెన్న కలిపితే గుల్లగా వస్తాయని అమ్మ చెప్పేది, ఇదీ అంతే. పాలు చల్లి ముద్ద చెయ్యాలి. ఎక్కువ పిసికితే పిండి సాగి, కాలాక గట్టిపడుతుంది. ముద్దని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, అర సెంటీమీటరు మందాన వత్తి, అంతే వెడల్పున కోసి, ఒక్కో పుల్లనీ అరచేతి కింద దొర్లించి గుండ్రం చెయ్యాలి. 170 డిగ్రీల వేడిలో పదిహేను నిమిషాలు. ఎక్కడ సన్నబడితే అక్కడ మాడుతుంది. ఎక్కడ లావైతే అక్కడ మెత్తగా ఉండి వంగుతుంది. పూర్తిగా చల్లారకుండా ఎత్తితే విరుగుతుంది. మా మొదటి విడత ఇరవైలో తొమ్మిది విరిగాయి.

చాక్లెట్ ఇంకా మొండిది. వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. నాలుగు నీటిబొట్లు పడితే చాలు, గడ్డలు కట్టి పలుకులు పలుకులుగా అయిపోతుంది. కోకో వెన్న ఆరు రకాలుగా గడ్డకడుతుంది. అందులో ఒక్క రకమే మెరుస్తూ, చేతికి అంటకుండా, పుటుక్కున విరుగుతుంది. దానికోసం నల్ల చాక్లెట్‌ని 45 డిగ్రీల దాకా కరిగించి, 27కి చల్లార్చి, మళ్ళీ 31కి తేవాలి. తప్పితే పైన తెల్లటి మచ్చలు. మన బజార్లో వంటకి దొరికే కాంపౌండ్ చాక్లెట్‌కి ఈ బాధ లేదు, అందులో కోకో వెన్నకి బదులు వేరే నూనెకొవ్వులు ఉంటాయి. కరిగినదాన్ని సన్నటి గ్లాసులో పోసి పుల్లని నిలువుగా ముంచాలి. గ్లాసులో చాక్లెట్ తగ్గేకొద్దీ పుల్ల మునగదు, చెంచాతో పొయ్యాలి. నేను లెక్కపెట్టాను. ఒక్కో పుల్లా కనీసం ఆరుసార్లు మా చేతుల్లోంచి వెళ్ళింది. తినడానికి అరనిమిషం చాలు.

ఫ్యాక్టరీ యంత్రాలు ఇంత తేలిగ్గా చేస్తున్న పనిని మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకుని, ఒక పదమూడేళ్ళ పిల్ల ఏడుస్తూ ఎందుకు చేస్తోంది? అదీ, పాతకాలపు వంటింట్లో ఒవెన్ అనేదే లేని దేశంలో?

అవును, పాతకాలపు జపాన్ ఇళ్ళల్లో ఒవెన్ ఉండేది కాదు. వాళ్ళది అన్నం వండే, చేపలు కాల్చే, ఆవిరికి ఉడికించే వంట. పిండిని పొడి వేడిలో కాల్చే వంట పడమటి నించి వచ్చింది. అది వచ్చిన దారిలోనే ఇంకో సంగతి కూడా వచ్చింది. 1899లో ఆడపిల్లల హైస్కూళ్ళ కోసం చట్టం చేసినప్పుడు ప్రభుత్వం పెట్టుకున్న ఆదర్శం 'ర్యోసాయ్ కెన్బో', అంటే మంచి భార్య, తెలివైన తల్లి. ఇది మనకి కొత్త కాదు. వీరేశలింగం 1883లో మొదలుపెట్టిన పత్రిక పేరే సతీహితబోధిని. చదువు చెప్పించేది మంచి ఇల్లాలు కావడానికే అన్న వాదన అక్కడా ఇక్కడా ఒక్కటే.

జపాన్‌లో మొదటి మహిళా విలేఖరిగా పేరు పొందిన హానీ మోటోకో 1903లో కుటుంబాల కోసం పత్రిక పెట్టింది. 1904లో ఇంటి జమాఖర్చుల పుస్తకం తయారుచేసి అచ్చువేసింది. 1908లో ఆమె పత్రిక ఫుజిన్ నో తోమో, అంటే స్త్రీల స్నేహితురాలు అయింది. 1917లో వేరేవాళ్ళు పెట్టిన షుఫు నో తోమో వచ్చింది. ఇల్లాలి స్నేహితురాలు. ఆ పత్రికల పేజీలు తిరగేస్తుంటే ఇల్లాలు అనే మనిషి అక్షరాల్లో తయారవడం కనిపిస్తుంది. కొలతలు, క్యాలరీలు, పొదుపు, శుభ్రత. పొయ్యిమీద పెట్టుకునే రేకు పెట్టె లాంటి చిన్న ఒవెన్ ఒకటి ఉండేది, దాన్ని తెంపి అనేవారు. దానితో ఇంట్లో కేకులూ బిస్కెట్లూ చెయ్యడం పట్నపు మధ్యతరగతి ఇల్లాలి నాగరికతకి గుర్తు.

అదే కాలంలో ఇంకో గొంతూ ఉంది. 1911లో హిరాత్సుకా రాయ్‌చో, ఆమె స్నేహితురాళ్ళు సెయితో పత్రిక మొదలుపెట్టారు. 1918, 1919లో రాయ్‌చోకీ కవయిత్రి యోసానో అకికోకీ మధ్య పెద్ద వాదం నడిచింది. తల్లులకి ప్రభుత్వం ఆర్థికంగా అండగా ఉండాలని రాయ్‌చో, స్త్రీ ఎవరిమీదా ఆధారపడకుండా సంపాదించుకోవాలని అకికో. రెండూ కావాలి, కానీ రెండూ చాలవు, అసలు ఆర్థిక వ్యవస్థే మారాలని యామకావా కికూయే. వందేళ్ళ తరవాత కూడా మనం ఈ మూడు మాటల చుట్టూనే తిరుగుతున్నాం.

యుద్ధం అయ్యాక 1947లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం భార్యాభర్తలు సమానమంది. ఆ 24వ అధికరణం ముసాయిదా రాసింది బేయాటే సిరోటా అనే ఇరవైరెండేళ్ళ అమ్మాయి. 1955లో ఇషిగాకి అయాకో ఫుజిన్ కోరోన్ పత్రికలో రాసిన వ్యాసం పెద్ద దుమారం లేపింది. ఇంటిపని బాగా తగ్గిపోతోంది, ఇల్లాలితనం అనేది రెండో ఉద్యోగం మాత్రమే, బయటికి వచ్చి పనిచెయ్యండి అని ఆమె వాదన. అప్పటికే బట్టలుతికే యంత్రం, ఫ్రిజ్, టీవీ మధ్యతరగతి కలలు. మరి ఆ యంత్రాలు మిగిల్చిన కాలం ఎటు పోయింది? అమెరికా ఇళ్ళ గురించి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన పుస్తకం చెప్పిందే ఇక్కడా జరిగింది. యంత్రం వచ్చాక పని తగ్గలేదు, ప్రమాణాలు పెరిగాయి. కొనుక్కోగలిగినదాన్ని కూడా 'చేత్తో చెయ్యడం' ప్రేమకి రుజువు అయింది.

ఆ చేత్తో చేసినదానికి వాళ్ళ మాట 'తెజుకురి'. మన 'అమ్మ చేతి వంట' లాంటిదే. పిల్లలకి మధ్యాహ్నం కట్టిచ్చే బెంతో డబ్బా మీద మానవశాస్త్రజ్ఞురాలు ఆన్ అలిసన్ 1991లో ఒక వ్యాసం రాసింది. ఆ డబ్బా తల్లికీ బిడ్డకీ మధ్య వ్యవహారం మాత్రమే కాదని, తల్లి ఎంత శ్రద్ధగా తల్లితనం చేస్తోందో బడి చూసి మార్కులేసే సాధనమని ఆమె అంటుంది. చదివినప్పుడు నాకు నా చిన్నప్పటి క్యారియర్ గుర్తొచ్చింది. అందులో ఏం ఉందో చూసి మా అమ్మ ఎలాంటిదో తేల్చేసేవాళ్ళు.

ఇక చాక్లెట్. ప్రేమికుల రోజుకి చాక్లెట్ ఇవ్వమని జపాన్‌లో మొదటి ప్రకటన 1936లో వచ్చింది. కోబేలోని మొరోజోఫ్ అనే మిఠాయి కంపెనీ ఇంగ్లీషు పత్రికలో, విదేశీయుల కోసం వేయించింది. 1958లో మేరీ చాక్లెట్ కంపెనీ టోక్యో ఇసెతాన్ దుకాణంలో అమ్మకం పెడితే మూడు రోజులకి వచ్చింది 170 యెన్లేనని వాళ్ళే చెప్పుకుంటారు. మరుసటి ఏడాది వాళ్ళు గుండె ఆకారంలో చాక్లెట్లు చేసి, ఏడాదికి ఒక్కరోజు ఆడవాళ్ళే మగవాళ్ళకి మనసు చెప్పుకోవచ్చు అన్నారు. ఇది ఊపందుకున్నది 1970ల్లో. ఆలోచించండి, మనసులో మాట ఆడపిల్ల ముందుగా చెప్పడం తప్పని నమ్మే సమాజంలో ఆ ఒక్కరోజు అనుమతి ఎంత పెద్దది! స్వేచ్ఛే, కానీ దుకాణం ఇచ్చిన స్వేచ్ఛ. దాన్ని వాడుకోవాలంటే ఏదో ఒకటి కొనాలి, లేకపోతే వండాలి.

వండడం నేర్పడానికి బడి ఉంది. పక్కింటావిడ పుట్టింది 1957లో. "మిడిల్ స్కూల్లో అబ్బాయిలు ఒక గదిలో కుర్చీలు చేసేవాళ్ళు. మేం ఇంకో గదిలో ఏప్రన్లు కుట్టుకుని వంట చేసేవాళ్ళం" అంది ఆమె, పుల్లలు దొర్లిస్తూ. 1962 నించీ మిడిల్ స్కూళ్ళలో పాఠాలు అలా విడిపోయాయి. 1973లో హైస్కూల్లో ఆడపిల్లలకి మాత్రమే గృహశాస్త్రం తప్పనిసరి చేశారు. ఆమె హైస్కూల్లో చేరింది ఆ ఏడాదే. ఇచికావా ఫుసాయే లాంటివాళ్ళు కలిసి 1974లో అబ్బాయిలకీ అమ్మాయిలకీ కలిపే నేర్పాలని ఉద్యమం మొదలుపెట్టారు. 1975లో ఒక నూడుల్స్ ప్రకటన టీవీలో వచ్చింది. చేసేదాన్ని నేను అంటుంది అమ్మాయి, తినేవాణ్ణి నేను అంటాడు అబ్బాయి. స్త్రీల సంఘం నిలదీసింది. వార్తాపత్రికలు ఆ ఆడవాళ్ళని వెక్కిరించాయి, కానీ కంపెనీ ఆ ప్రకటన ఆపేసింది. పాఠాలు కలపడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. మిడిల్ స్కూళ్ళలో 1993, హైస్కూళ్ళలో 1994.

"మీరప్పుడు అబ్బాయిలకి చాక్లెట్ ఇచ్చారా?" అని మా అమ్మాయి ఆమెని అడిగింది. "ఇచ్చాను. కరిగించి, గుండె ఆకారంలో పోసి. అతను తిన్నాడో లేదో ఇప్పటికీ తెలీదు" అని ఆమె పెద్దగా నవ్వింది.

చదువులు అయ్యాక ఆఫీసు. సమాన ఉద్యోగావకాశాల చట్టం 1985లో చేశారు, 1986 నించీ అమలు. కానీ ఆఫీసుల్లో యువతులు ఎక్కువమంది టీలు ఇచ్చే, కాగితాలు నకళ్ళు తీసే 'ఆఫీస్ లేడీ'లుగానే ఉండిపోయారు. ఫిబ్రవరి 14న పై అధికారులకీ తోటి మగ ఉద్యోగులకీ చాక్లెట్ పంచడం వాళ్ళమీద పడింది. దీన్ని 'గిరి చోకో' అంటారు. గిరి అంటే తీర్చక తప్పని మర్యాద. మగవాళ్ళు తిరిగి ఇవ్వడానికి మార్చి 14న వైట్ డే అని మిఠాయి వ్యాపారులే 1980లో ఇంకో రోజు పెట్టారు. ఒగసవారా యూకో 1998లో వచ్చిన తన పుస్తకంలో ఈ పంపకాన్ని దగ్గరగా చూసింది. నచ్చని అధికారికి ఏమీ ఇవ్వకుండా వదిలేయడం, విరగ్గొట్టిన చాక్లెట్ ఇవ్వడం, ఎవరికెన్ని వచ్చాయో అందరికీ తెలిసేలా చెయ్యడం. అధికారం లేనివాళ్ళు చేతిలో ఉన్న మిఠాయినే ఆయుధం చేసుకున్నారు. అయితే అలాంటి ఆయుధంతో పదోన్నతి రాదని కూడా ఆ పుస్తకం మనకి అర్థమయ్యేలా చెప్తుంది.

చివరికి 2018 ఫిబ్రవరి 1న గొడైవా కంపెనీ ఆర్థిక దినపత్రిక నిక్కెయ్‌లో పూర్తి పేజీ ప్రకటన వేసింది. ఈ మర్యాద చాక్లెట్లు ఇక ఆపేద్దామని. చాక్లెట్లు అమ్మేవాళ్ళే ఆ మాట అనగానే పెద్ద చర్చ. ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి చెప్తే వినిపించనిది ఒక కంపెనీ చెప్తే వినిపించింది!

పొక్కీ ఈ కథకి బయట లేదు. 1990ల్లో గ్లికో 'మెన్స్ పొక్కీ' అని ఆకుపచ్చ పెట్టెలో చేదు చాక్లెట్‌తో ఒకటి తెచ్చింది. మగవాళ్ళకి చేదు. అంటే మిగతా తీపి అంతా ఎవరికో చెప్పకుండానే చెప్పినట్టు. 1999, జపాన్ లెక్కలో హెయ్‌సెయ్ 11వ సంవత్సరం. 11వ ఏడు, 11వ నెల, 11వ తారీఖు, అన్నీ నిలబడిన పుల్లల్లా ఉన్నాయని దాన్ని పొక్కీ దినం చేశారు. కొరియాలో లొట్టే కంపెనీ 1983 నించీ పెపెరో అని ఇలాంటివే చేస్తోంది. అక్కడ ఆ దినం పుట్టుక గురించి ఒక కథ చెప్పుకుంటారు. 1990ల్లో బడిపిల్లలు, అమ్మాయిలు, పొడుగ్గా సన్నగా ఈ పుల్లల్లా అవుదామని కోరుకుంటూ ఒకరికొకరు ఇచ్చుకున్నారట. తీపి తింటూ సన్నబడాలని మొక్కుకునే ఆ పిల్లల్ని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, గుండె కలుక్కుమంటుంది కూడా.

మా అమ్మాయి తరం ఇంకో మలుపు తిప్పింది. 'తోమో చోకో', స్నేహితురాళ్ళ చాక్లెట్. అబ్బాయి ఊసే లేదు. ఆడపిల్లలు ఆడపిల్లల కోసం చేసి పంచుకుంటారు. మొదట విన్నప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ఒక పండగని మగవాళ్ళ చేతుల్లోంచి లాక్కున్నారనుకున్నాను. ఆ రాత్రి మా అమ్మాయి కన్నీళ్ళు చూశాక అంత తేలిగ్గా అనుకోలేకపోయాను. పద్నాలుగుమంది జాబితా, ఒకరిని వదిలేస్తే మాట, కొన్నవి ఇస్తే మాట. అడిగేది మగవాడు కాకపోయినా తెజుకురి అడుగుతూనే ఉంది.

ఇక ఇంటికి దూరంగా మాసే చేతుల సంగతి. జపాన్ కొనే కోకో గింజల్లో ఎక్కువ భాగం ఘనా నించి వస్తాయి. లొట్టే 1964లో తెచ్చిన చాక్లెట్ పేరే 'ఘనా'. దేశం పేరు ఎర్రటి పెట్టె మీద ఉంటుంది, గింజలు తీసిన స్త్రీ పేరు ఉండదు. అక్కడ తోట ఎక్కువగా మగవాళ్ళ పేర. పగలగొట్టిన కాయల్లోంచి గింజలు తియ్యడం, మొయ్యడం, ఎండబెట్టడంలో ఆడవాళ్ళ చాకిరీ చాలా ఉంటుంది.

ఘనా దాకా ఎందుకు? దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. అందులో పెద్ద భాగం పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లో, కొబ్బరి తోటల్లో, ఆయిల్ పామ్ తోటల్లో అంతరపంటగా. ఈ సంగతి నాకు తెలిసినా ఎప్పుడూ ఆలోచించలేదు. అమ్మే గుర్తుచేసింది. "మన కొబ్బరితోటలో కాయలు కొట్టే ఆడవాళ్ళని చూడలేదుటే? ఆ గుజ్జు వేళ్ళ సందుల్లో ఒకటే జిగురు. మగాళ్ళ కూలి కన్నా వీళ్ళ కూలి తక్కువే మళ్ళీ. ఆ గింజలతో ఏం చేస్తారమ్మా అని నన్నడిగేవాళ్ళు. నేనేం చెప్తాను, నాకు తెలిస్తేగా!" అంది. మా ఇంటి తోటలోనే. ఆ కూలి ఇచ్చింది మా నాన్నే. చేతికి అంటకుండా తిన్నవాళ్ళ జాబితాలో నేనూ ఉన్నాను.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి తలుపు చప్పుడైంది. పక్కింటావిడ భర్త. రిటైరయిన మనిషి, చాలా మర్యాదస్తుడు. భార్యని తీసుకెళ్ళడానికి వచ్చాడు. మా అమ్మాయి ఒక పళ్ళెంలో నాలుగు పుల్లలు పెట్టి ఇచ్చింది. గుమ్మంలోనే నిలబడి, ఖాళీ కొస పట్టుకుని, నాలుగూ తిని, చాలా బావున్నాయని వంగి నమస్కారం పెట్టాడు. ఆయన వేళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో నేను చూశాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి ఎవరూ నేర్పలేదు, అంతే. పదిహేనేళ్ళకి ఆయన కుర్చీ చెయ్యడం నేర్చుకున్నాడు.

కొన్ని లెక్కలు చెప్తాను. ఓఈసీడీ 2020లో ఇచ్చిన అంకెల ప్రకారం జీతంలేని పనికి జపాన్‌లో స్త్రీ రోజుకి 224 నిమిషాలు, పురుషుడు 41 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మన దేశంలో 2019 నాటి సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు 299 నిమిషాలు, పురుషులు 97. ఆ 97 చూసి మురిసిపోకండి. అది ఎంతో కొంత పనిచేసే మగవాళ్ళ సగటు. ఏమీ చెయ్యనివాళ్ళు ఆ లెక్కలోకే రారు.

మర్నాడు సాయంత్రం మా అమ్మాయి పార్కు నించి సంచీనిండా చాక్లెట్లతో వచ్చింది. "అమ్మా, ముగ్గురు కొన్నవే తెచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు" అంది ఆశ్చర్యంగా. కాసేపాగి, "అయినా మనవే బావున్నాయన్నారు. మళ్ళీ చేద్దాం" అంది. నాకు వెంటనే కోపం రాబోయింది. తమాయించుకుని ఆలోచించాను. దానికి ఆ పని నచ్చింది. పిండి వేళ్ళ కింద గుండ్రం కావడం, చాక్లెట్ మెరుస్తూ గడ్డకట్టడం నాకూ నచ్చింది, అబద్ధమెందుకు? ఇన్నేళ్ళూ వంటింటి మీద నేను రాసినదాంట్లో ఆ ఇష్టానికి చోటు ఇవ్వలేదు. జంతికల గొట్టం తిప్పీ తిప్పీ అరచేతులు కందిపోయిన అమ్మని బాధితురాలిగా మాత్రమే రాశాను.

ఆ ఏడాది ఆఖర్న ఇంటికి తిరిగొచ్చాక ఈ మాటే అమ్మతో అన్నాను. అమ్మ నావైపు చిత్రంగా చూసింది. "జంతికలు చెయ్యడం నాకెప్పుడూ ఇష్టమే. ఎన్ని చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో, ఎవరికోసమో నన్నెవరూ అడిగేవారు కాదు. మీ నాన్న పదిమందిని వెంటేసుకొచ్చి గుమ్మంలోంచే కేకేసేవారు. అదీ నా కష్టం. దానికి తోడు ఆ గిన్నెలు" అంది.

నాలుగు దశాబ్దాలు స్త్రీవాదం చదివి నేను తేల్చుకోలేనిదాన్ని అమ్మ అంత మామూలుగా చెప్పేసింది. పొక్కీ ఇంట్లో చెయ్యడం మంచిదా చెడ్డదా అన్నది కాదు ప్రశ్న. చెయ్యాలా వద్దా అని నిర్ణయించింది ఎవరు, చేసేటప్పుడు పక్కన ఎవరున్నారు, అయ్యాక గిన్నెలు ఎవరు కడిగారు, ఆ గింజ తీసినామెకి కూలి ఎంత ముట్టింది. ఇష్టం ఉందని పని పని కాకుండా పోదు. పని అయినంత మాత్రాన ఇష్టం అబద్ధమూ కాదు.

2020 సంక్రాంతికి మా ఊళ్ళో జంతికలతోపాటు ఆ పుల్లలు కూడా చేశాం. జనవరి చలిలో కూడా తణుకులో చాక్లెట్ త్వరగా గట్టిపడలేదు, ఫ్రిజ్‌లో పెట్టాల్సి వచ్చింది, పైన తెల్లమచ్చలు వచ్చాయి. పుల్లలు దొర్లించింది మా తమ్ముడి కొడుకు. వాడి పుల్లలు మా అందరి వాటికన్నా సమంగా వచ్చాయి. గిన్నెలు మా తమ్ముడు కడిగాడు. ఎండిన చాక్లెట్ చల్లనీళ్ళకి వదలదని, వేడినీళ్ళు కావాలని వాడికి ఆ రోజే తెలిసింది. అమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, చివరిదాకా చూసి, రెండు గిన్నెలు మళ్ళీ కడగమంది.